కోనసముద్రం ఉక్కు, బోధన్ చెరుకు కత్తి

బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు కత్తి కొనేవాళ్లు ముందుగా పదును చూడరు. పిడి పట్టుకుని గాల్లో ఒకటి రెండుసార్లు ఊపుతారు. బరువు ముందుకు లాగుతోందా, చేతిలోనే ఉండిపోతోందా అని చూస్తారు. తర్వాత కత్తిని వేలాడదీసి గోటితో మీటుతారు. ఖంగుమని మోగితే నచ్చినట్టే. మోత బొంగురుగా వస్తే లోపల ఎక్కడో పగులుందని పక్కన పెట్టేస్తారు. పదును సంగతి ఆఖరున. పదునంటే రేపు ఆకురాయితోనైనా వస్తుంది. తూకం తప్పిన కత్తిని ఎవరూ బాగుచేయలేరు.

ఇంత పట్టింపు ఎందుకో చెరుకు తోటలో అర్థమవుతుంది. చక్కెర ఎక్కువగా ఉండేది అడుగు కణుపుల్లో. అందుకని గడను నేలకు ఆనించి నరకాలి. జానెడు మోడు వదిలితే ఆ మేరకు చక్కెర పొలంలోనే పోతుంది. మరుసటి ఏడు కార్శి తోటకు (నరికిన మొదళ్ల నుంచి మళ్లీ వచ్చే పంటకు) పిలకలు భూమి లోపలి కళ్ల నుంచి రావాలి. మోడు మిగిలితే పైకళ్ల నుంచి వస్తాయి, వేరు పట్టు లేక పడిపోతాయి. అంటే కత్తి ప్రతి వేటుకూ మట్టిని, ఒక్కోసారి మొరం రాయిని తాకుతుంది. అంచు మరీ గట్టిగా ఉంటే పెచ్చు లేస్తుంది. మెత్తగా ఉంటే మధ్యాహ్నానికే మొద్దుబారుతుంది. అదే కత్తితో కొస కొట్టాలి, వీపుతో ఎండాకు రాల్చాలి. గడ ఒక్కోటి కిలో అటూ ఇటూ తూగుతుంది. ఒక జంట రోజులో కొట్టే చెరుకు టన్నుకు తగ్గదు. ఇన్ని వేట్ల అదురు మోచేతికి ఎక్కకూడదు. ఒకే ఇనుప ముక్కలో అంచు ఒక గుణంతో, వీపు ఇంకో గుణంతో ఉండేలా చేయడమే చెరుకు కత్తిలోని విద్య.

మాది ఎడపల్లి దిక్కున కమ్మరి ఇల్లు. బాపు నన్ను ఐటీఐకి పంపించిండు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరాను. కొలిమి మా పెద్దబాపు కొడుకు చేతికి వచ్చింది. నేను కాలిపర్, గేజీ పట్టుకుని పని నేర్చుకున్నవాణ్ణి. అన్న దగ్గర కొలిచే సాధనమంటూ ఏదీ లేదు. అయినా ఆయన చేసిన కత్తి వేడి తప్పిందని ఎవరూ తిరిగి తెచ్చిన గుర్తు నాకు లేదు. లోహశాస్త్రం పుస్తకంలో చదివిన ప్రతి మాటకూ ఆయన పనిలో సరిపోయే ఘట్టం కనిపిస్తూ ఉంటుంది. అందుకే ఆ పనిని దగ్గరుండి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఇప్పుడు కత్తికి సరుకు లారీ కమాన్ పట్టీ. నిజామాబాద్ తుక్కు దుకాణాల్లో తూకానికి దొరుకుతుంది. ఇల్లు కట్టే కడ్డీ పనికిరాదు. అందులో కార్బన్ పావు శాతం అటూ ఇటూ, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. కమాన్ పట్టీలో అర శాతం పైన ఉంటుంది, కొద్దిగా సిలికాన్ కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి లారీ కింద వంగి లేచిన ఉక్కు కాబట్టి కొన్నిట్లో కంటికి కనబడని బీటలుంటాయి. అన్న ఒక చివర ముక్క తీసి కాల్చి, నీళ్లలో ముంచి, దాగలి అంచున పెట్టి విరగ్గొడతాడు. విరిగిన చోట బూడిద రంగులో సన్నటి నేత కనిపించాలి. చక్కెర పలుకుల్లా తళతళలాడితే ఆ ఉక్కు ఎప్పుడో వేడి మించిపోయిందని లెక్క. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన నాకు ఆ పోలిక చెప్పింది ఆయనే.

కొలిమిలో తుమ్మ బొగ్గు. తోలు తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది, తక్కినదంతా పాతదే. పట్టుకారుతో ఇనుము పట్టేది అన్న, సమ్మెట వేసేది వదిన. ఇద్దరి మధ్య మాటలుండవు. అన్న చిన్న సుత్తితో ఎక్కడ తాకిస్తే వదిన సమ్మెట అక్కడ పడుతుంది. సుత్తిని దాగలి మీద ఊరికే టక్కుమనిపిస్తే ఆపమని అర్థం. ఇనుము నారింజ రంగులో ఉన్నంతసేపే దెబ్బలు. రంగు ఎర్రబడి మసకేసిందంటే మళ్లీ పొయ్యిలోకి. నేను ఒకసారి పట్టుకారు పట్టి వేడి కాస్త ఎక్కువ పెట్టబోతే ఆపిండు.

"తెల్లగయ్యేదాక పోనియ్యకు తమ్మీ. చిటపట రవ్వలు లేసినయంటే ఉక్కు కాలిపోయినట్టే. ఇగ దాన్ని ఎవ్వడు బాగుచెయ్యలేడు."

ఉక్కులోని కార్బన్ గాలితో కలిసి మండిపోవడమే ఆ రవ్వలు.

అంచు సాగగొట్టేటప్పుడు జరిగే విచిత్రం బయటివాళ్లకు తెలియదు. అంచు పల్చబడేకొద్దీ పొడవు పెరుగుతుంది, వీపు పెరగదు. దాంతో కత్తి దానంతటదే వీపు వైపుకు వంగిపోతుంది. అందుకని అన్న అంచు మీద ఒక్క దెబ్బ పడకముందే పట్టీని అంచు వైపుకు కొంచెం వంచి పెట్టుకుంటాడు. అంచు సాగిన తర్వాత వంపు తిరిగి తిరిగి సరిగ్గా తనకు కావలసిన చోట ఆగుతుంది. ఎంత వంచాలో గీత ఏమీ గీసుకోడు. కొడవలి వంపు వేరు, చెరుకు కత్తి వంపు వేరు, గీత కార్మికుల కత్తి వంపు వేరు. మూడూ ఆయన చేతికి తెలుసు.

రూపం వచ్చిన కత్తిని వేడి బూడిదలో కప్పి రాత్రంతా వదిలేస్తారు. మెల్లగా చల్లారితే దెబ్బలకు లోపల పుట్టిన బిగువు సడలుతుంది, ఆకురాయి కూడా సులభంగా కోస్తుంది. పొద్దున అంచు అరగదీసి, పొద్దుగూకే వేళకు పదును పెడతారు. పదును పెట్టడమంటే సాన పట్టడం అనుకునేవాళ్లున్నారు. కొలిమి దగ్గర పదును అంటే ఉక్కును కాల్చి ముంచి గట్టిపరచడం. పొద్దుగూకే వేళ ఎందుకంటే ఎండలో ఎరుపు రంగు మోసం చేస్తుంది. పగలు చేయక తప్పకపోతే అన్న తడిక అడ్డం పెట్టి నీడ చేసుకుంటాడు.

నేను అయస్కాంతం తెచ్చి పరీక్షించి చూశాను. ఆయన "ఇగ చాలు" అనే వేళకు అయస్కాంతం కత్తికి అంటడం మానేస్తుంది. ఇనుము సుమారు 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంత గుణం వదిలేస్తుంది. ఉక్కు గట్టిపడటానికి సిద్ధమయ్యేది దానికి కొంచెం పైన. ఆయన కన్ను ఆ గీత మీదే ఆగుతోంది.

ఎర్రగా కాలిన కత్తిని నూనెలో అంచు మేరకే ముంచుతాడు. నీళ్లు తొందరగా చల్లారుస్తాయి, కమాన్ ఉక్కు ఆ ధాటికి పగలొచ్చు. అంచు చల్లబడుతుంది, వీపులో ఎరుపు ఇంకా ఉంటుంది. వెంటనే బయటికి తీసి ఇసుకరాయి ముక్కతో అంచును గబగబా రుద్ది మెరిసేలా చేస్తాడు. అక్కడి నుంచి చూడాలి. వీపులో దాగిన వేడి మెల్లగా అంచు వైపుకు నడుస్తుంది. మెరిసే ఉక్కు మీద మొదట ఎండుగడ్డి పసుపు, దాని వెనక ఇటుక రంగు, ఆ వెనక వంకాయ రంగు, చివర నీలం, ఒకదాని వెంట ఒకటి చారలుగా కదిలి వస్తాయి. ఉక్కు పైన ఏర్పడే ఆక్సైడు పొర మందం మారుతుంటే కనిపించే రంగులివి. పసుపు దగ్గర సుమారు 220 డిగ్రీలు, నీలం దగ్గర 300. మంగలి కత్తికి పసుపు చాలు, అది రాయిని తాకదు. చెరుకు కత్తికి అంచున వంకాయ రంగు రావాలి.

"వంకాయ రంగు అంచుకు తగిలిందా, ముంచు. నీలం వచ్చేదాక చూసినవంటే మెత్తవడ్తది."

ఈ మొత్తం ముచ్చట అరనిమిషంలో అయిపోతుంది. కత్తి బతుకంతా ఆ అరనిమిషంలోనే తేలుతుంది.

పిడికి బాగా ఆరిన తుమ్మ. కట్టె మూతికి ముందుగా పొన్ను అనే లోహపు కట్టు తొడుగుతారు, లేకపోతే కత్తి తోక (పిడిలోకి వెళ్లే సన్నటి కొస) దిగేటప్పుడు కట్టె చీలుతుంది. సన్నటి రంధ్రం చేసి, తోకను ఎర్రగా కాల్చి దించితే అది తన దారి తనే కాల్చుకుంటూ వెళ్తుంది. మళ్లీ తీసి, లక్క కరిగించి పోసి, చివరిసారిగా దిగ్గొడతారు. కోసేవాళ్లు దాని మీద పాత సైకిల్ ట్యూబు చీలికలు చుట్టుకుంటారు. చెరుకు రసం, చెమట కలిసి పిడి జారుడుగా అవుతుంది కాబట్టి ఆ రబ్బరు చుట్టు తప్పదు.

ఈ రంగుల చదువు మా నిజామాబాద్ జిల్లాకు ఎప్పటిదో చెప్పాలంటే కోనసముద్రం వెళ్లాలి. కమ్మర్‌పల్లి మండలంలో ఉంది ఆ ఊరు. చుట్టూ పసుపు చేలు, మొక్కజొన్న. ఒకప్పుడు ఆ ఊరి ఉక్కు ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. బ్రిటిష్ అధికారి లాంబ్టన్ నడిపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసీ అక్కడికి వచ్చి, ఉక్కు తయారీ అంతా కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఊళ్లోనే మకాం పెట్టి, పని జరుగుతున్నంతసేపూ దగ్గరుండి చూసుకునేవాడని అందులో ఉంది.

వాయిసీ చెప్పిన పద్ధతి ఇది. వేర్వేరు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును 3 పాళ్లకు 2 పాళ్లు చొప్పున కలిపి మట్టి మూసలో పెడతారు. మూస మట్టిలో పాత కొలుముల, పాత మూసల పొడి, వరి ఊక కలుస్తాయి. మూత వేసి మట్టితో మెత్తి కొలిమిలో దించుతారు. ఎద్దు తోలు తిత్తులతో మనుషులు వంతులు మారుతూ 24 గంటల పాటు మంట ఆపకుండా ఊదుతారు. తర్వాత కొలిమిలోనే మెల్లగా చల్లారనిస్తారు. మూస పగలగొడితే సుమారు ముప్పావు కిలో ఉక్కు ముద్ద. అది అప్పుడే పనికిరాదు, పెళుసుగా ఉంటుంది. మట్టి పూత వేసి గంటల తరబడి కాల్చి చల్లార్చడం పలుమార్లు చేస్తేనే సుత్తి దెబ్బకు లొంగుతుంది.

ఊక ఎందుకన్నది ఇప్పుడు మనకు తెలుసు. ఊక కాలితే మిగిలేది కార్బన్, సిలికా. రెండూ కలిసి ఇనుము కరిగే వేడికి కూడా మూస కూలకుండా నిలబెడతాయి. అమెరికన్ పరిశోధకురాలు థెల్మా లోవ్ 1980ల్లో ఈ ప్రాంతపు మూసల ముక్కలను పరిశీలించి, దీన్ని దక్కనీ పద్ధతిగా వేరుచేసి చూపింది. దక్షిణాన తమిళనాడు వైపు మూసలో ఇనుముతో పాటు కట్టె, ఆకులు వేసి కార్బన్ ఎక్కించేవారు. మన దగ్గర కార్బన్ ఎక్కువున్న ఇనుమును, తక్కువున్న ఇనుమును కలిపి కరిగించి మధ్యస్థంగా తెచ్చేవారు. 2010లో ఇంగ్లాండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ బృందాలు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి ఇనుప చిట్టెం కుప్పలను, కొలుముల జాడలను నమోదు చేశాయి. హైదరాబాద్ చరిత్రకారుడు ఎస్. జైకిషన్ ఈ విషయం మీద చేసిన కృషి కూడా పెద్దది.

ఊట్జ్ పేరుతో ప్రపంచానికి తెలిసింది ఈ ఉక్కే. ఇందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, అంటే మా అన్న కొట్టే కమాన్ పట్టీకి రెండు మూడింతలు. డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు వచ్చింది దీనివల్లే. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దీని మీద పత్రం చదివాడు. తర్వాత విద్యుత్తు శాస్త్రానికి మూలపురుషుడైన మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1820 ప్రాంతంలో ఈ ఉక్కును తిరిగి సృష్టించాలని ప్రయోగాలు చేశాడు. ఫారడే కమ్మరి కొడుకు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆయన మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

యూరప్ ఫ్యాక్టరీ ఉక్కు చౌకగా వచ్చి పడ్డాక కోనసముద్రం కొలుములు ఆరిపోయాయి. మూస పోయింది, రంగుల చదువు మాత్రం పోలేదు. ఉక్కు తయారుచేసే విద్యకూ ఉక్కును కత్తిగా మలిచే విద్యకూ తేడా ఉంది. మొదటిది ఆ కొలుములతో పాటు ఆగిపోయింది. రెండోది ప్రతి కమ్మరి ఇంట్లో చెరుకు కత్తిగా, కొడవలిగా, గీత కత్తిగా నడుస్తూ వచ్చింది.

ఫిన్లాండ్‌లో ఈ రెండో విద్యను ఎంత గౌరవంగా నిలుపుకున్నారో తెలిశాక నాకు మన సంగతి మరీ కలచివేసింది. మా వాడకట్టు అబ్బాయి ఒకడు అక్కడ కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నాడు. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక పూక్కో తెచ్చి అన్నకు చూపించాడు. పూక్కో వాళ్ల సంప్రదాయపు చిన్న కత్తి, నడుముకు తోలు ఒరలో వేలాడుతుంది. కట్టె చెక్కడానికి, చేప కోయడానికి, అడవిలో అన్నిటికీ అదే. దాని పిడి బిర్చ్ చెట్టు బెరడుతో చేసింది. హిమాలయాల్లో మన పూర్వులు గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఆ జాతి చెట్టుదే.

ఆ పిడి చేసే తీరు అన్నకు ఎంతో నచ్చింది. వేసవి మొదట్లో చెట్టుకు రసం ఎక్కినప్పుడు పైబెరడు తేలిగ్గా ఊడివస్తుంది. లోపలి పొర తెగకుండా తీస్తే చెట్టు బతుకుతుంది. ఆ బెరడును చిన్న చిన్న చదరపు ముక్కలుగా కోసి, మధ్యలో చిల్లి పెట్టి, కత్తి తోకకు ఒక్కొక్కటే గుచ్చుతారు. పదుల కొద్దీ ముక్కలు గుచ్చాక గట్టిగా నొక్కి, చివర ఇత్తడి బిళ్ల పెట్టి తోక కొసను దాని మీద రివెట్‌లా కొట్టేస్తారు. తర్వాత ఆకురాయితో చేతికి అమరేలా అరగదీస్తారు. బెరడులో సహజంగా మైనం లాంటి పదార్థం ఉంటుంది కాబట్టి నీరు ఇంకదు, కుళ్లదు. తడిచేతికి జారదు. గడ్డకట్టే చలిలో కూడా చల్లగా తగలదు. అన్న దాన్ని పిడికిట్లో పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "మనోళ్లు ట్యూబు చుట్టేది గిందుకే గదా తమ్మీ" అన్నాడు. అంచు చూసి, వీపు మీద ఆకురాయి ఆడించి, వీపు మెత్తగా ఉంచి అంచు మాత్రమే గట్టిపరిచారని గుర్తుపట్టాడు.

ఆ దేశంలో కౌహావా అనే చిన్న పట్టణం పూక్కోలకు పేరు మోసింది. ఇసాక్కి యార్వెన్‌పా అక్కడ 1879లో పెట్టిన కత్తుల కంపెనీ దేశమంతా ప్రసిద్ధం. ఉత్తరాన రోవానియెమిలో 1928లో మొదలైన మార్తీనీ కత్తులు ప్రపంచమంతా అమ్ముడవుతాయి. ఫ్యాక్టరీ కత్తులతో పాటు చేత్తో కొట్టేవాళ్లూ బతుకుతున్నారు. వాళ్ల కత్తి మీద చేసినవాడి గుర్తు ఉంటుంది, చేతికష్టానికి తగిన ధర పలుకుతుంది. మన కత్తి మీద ఎవరి గుర్తూ ఉండదు. సంతలో ప్రెస్సు మీద రేకు కోసి చేసిన కత్తి పక్కనే పెట్టి అదే ధరకు అడుగుతారు. నా బాధంతా ఇదే.

చెరుకు ఉన్నప్పుడు బేరం గురించి ఇంత బాధ లేదు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931కి పూర్తయింది. ఆ నీళ్లతో బోధన్ నేలంతా చెరుకు తోటలయింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. గానుగ కాలం మొదలవకముందే కమ్మరి ఇళ్ల ముందు కత్తుల కుప్పలుండేవి. నరికిన చెరుకును ఒకరోజులో గానుగకు చేర్చకపోతే చక్కెర తగ్గుతుంది, కాబట్టి కత్తి మొద్దుబారిందంటే బండి ఆగినట్టే. రాత్రిళ్లు కూడా సాన పట్టించుకునేవారు. మహారాష్ట్ర నుంచి వచ్చే కోత జంటలు తమ కోయతాలు (చెరుకు కత్తులు) వెంట తెచ్చుకునేవి. మరాఠీ ముకద్దం (కూలీల మేస్త్రీ) లెక్కలో భార్యాభర్తల జంటను ఒక కోయతా అనే రాసుకుంటారు. పనిముట్టుకూ మనిషికీ అంత దగ్గరితనం. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఎక్కువ పొలాల్లో వరి, దాన్ని హార్వెస్టర్ కోస్తుంది. చెరుకు వేసేవాళ్లు కొద్దిమంది మిగిలారు. అన్న దగ్గరికి చెరుకు కత్తి కోసం వచ్చేవాళ్లూ అంతే. కల్లు గీసే గౌడన్నలు, మేకల కాపర్లు, మాంసం కొట్టేవాళ్లు వస్తున్నారు కాబట్టి కొలిమి ఇంకా మండుతోంది.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి తొలి విడతగా లక్ష రూపాయల దాకా అప్పు ఇస్తామన్నారు. మంచిదే. కానీ సుత్తి కొనిచ్చినంత మాత్రాన రంగులు చూసే కన్ను రాదు. ఆ కన్ను నేర్పేవాళ్లు వృద్ధులవుతున్నారు. మన ఐటీఐల్లో పిల్లలకు హీట్ ట్రీట్‌మెంట్ పాఠం నల్లబల్ల మీద చెబుతున్నారు. పక్క ఊరి కమ్మరిని ఒక్క పూట పిలిచి, కొలిమి దగ్గర ఆ రంగులు చూపిస్తే పాఠం జీవితాంతం గుర్తుంటుంది. దీనికి ఖర్చు కూడా ఏమంత ఉండదు. ప్రిన్సిపాళ్లు తలచుకుంటే చాలు.

కోనసముద్రం వాళ్లకూ ఒక మనవి. చిట్టెం కుప్పలను, మూసల ముక్కలను రోడ్డు కిందో పునాది కిందో పోయకండి. అవి మీ తాతల సంతకాలు. పంచాయతీ కార్యాలయంలో ఒక అద్దాల అల్మారా పెట్టి నాలుగు మూసలు, నాలుగు చిట్టెం గడ్డలు ఉంచినా బడి పిల్లలు చూసి తెలుసుకుంటారు.

చదివే మీతో ఒక మాట. మీ ఊళ్లో కొలిమి ఉంటే ఇంటికి కావలసిన కత్తి, కొడవలి అక్కడే చేయించుకోండి. బేరం ఆడకండి. చేస్తున్నంతసేపు పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. ఏ రంగు దగ్గర ముంచారో, ఏ కట్టెతో పిడి వేశారో అడిగి, చేసినవారి పేరు, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి.